దారి యెవ్వరిది?

మన పట్టణపు వీథులనుగూర్చి మాట వచ్చినప్పుడెల్ల పెద్దలు చెప్పునది యొక్కటియే: ఈ కాలపు పిల్లలకు రోడ్డుమీద నడచుట చేతకాదని. ఈ మాట మేము బడి వరండాలోను, తలిదండ్రుల సమావేశములలోను పలుమారులు వింటిమి. అందు నిజము లేకపోలేదు. చెవులలో పాటలు పెట్టుకొని, ముగ్గురు నలుగురు చేతులు కలిపి, వీథినడుమ నడచు విద్యార్థులను మేమును చూచుచునే యున్నాము. ఐనను మా యభిప్రాయము వేఱు. పిల్లలు నడచుట నేర్చుకొనవలెననుట సరియే గాని, నడచువారికి దారి విడుచుటను పెద్దలు నేర్చుకొనుట యంతకంటె ముందు జరుగవలసిన పని. ఇందు తలిదండ్రులను నొప్పించు మాటలు కొన్ని రావచ్చును. మన్నింప వేడుచున్నాము.

యంత్రపుబండ్లు క్రొత్తగా వచ్చిన దినములలో, 1865 సంవత్సరమున, ఇంగ్లండు దేశమున నొక చట్టము చేసిరి. తనంత తాను నడచు యంత్రము రోడ్డుమీదికి వచ్చినచో దానికి 60 గజముల ముందు ఒక మనుష్యుడు ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. వేగము పల్లెపట్టులలో గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు మించరాదు. పట్టణములో నైతే కాలినడకన పోవు మనుష్యునికంటె యంత్రము మెల్లగా పోవలెనన్నమాట! 1896లో తేలికబండ్లను ఆ నిబంధననుండి తప్పించిరి. ఈ కథ చెప్పినపుడు మా విద్యార్థులు విరగబడి నవ్విరి, మేమును నవ్వితిమి. కాని ఆ చట్టము చేసినవారి తలంపులో నొక న్యాయమున్నది. రోడ్డు పూర్వమునుండి నడచువారిది, పశువులది, ఎడ్లబండ్లది. క్రొత్తగా వచ్చినది యంత్రము. అపాయమును వెంట తెచ్చినవాడే జాగ్రత్తయు వెంట తేవలెను. జెండా పోయినది గాని ఆ న్యాయము పోవలసిన పని లేదు.

మన దేశమున మోటారు చట్టము మొదట 1914లోను, పిమ్మట 1939లోను వచ్చినది. నేడు నడచుచున్నది 1988లో చేసినది. బండి నడుపువారు పాటింపవలసిన నియమములు 2017లో మరల సవరింపబడి ప్రకటింపబడినవి. వానిని చదివి చూచినచో పాదచారిపట్ల నడుపువాని విధులే యెక్కువగా కానవచ్చును. జీబ్రాగీతలయొద్ద నడచువారికి దారి యీయవలెను. కాలిబాటమీదికి బండి నెక్కింపరాదు. కూడలిని సమీపించుచు వేగము తగ్గింపవలెను. ఇవి మర్యాదకొఱకు చెప్పిన హితవులు కావు, చట్టము. అయినను ఎఱ్ఱదీపము వెలుగుచుండగా జీబ్రాగీతలమీదనే వచ్చి నిలిచిన మోటారుసైకిళ్ల నడుమనుండి ఒక ముసలమ్మ "కొంచెము జరుగు నాయనా, కొంచెము జరుగు నాయనా" అని బ్రతిమాలుకొనుచు వీథి దాటుట మనకు విచిత్రముగా తోపదు. తనదైన దారిలో ఆమె బ్రతిమాలుకొనుట యెందులకు?

కేంద్ర రవాణాశాఖవారు ప్రకటించిన లెక్కలప్రకారము 2022 సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయిరి. వారిలో ద్విచక్రవాహనములమీద పోవుచున్నవారు 74,897 మంది; కాలినడకన పోవుచున్నవారు 32,825 మంది. చనిపోయిన నూర్గురిలో అఱువదినలుగురు ఈ రెండు తెగలవారే. చుట్టును ఇనుపగోడ లేనివారు వీరు. నడచువాని అజాగ్రత్త తనకే హాని చేయును. నడుపువాని అజాగ్రత్త ఇతరులకు చేయును. ఇద్దఱిని ఒకే త్రాసులో తూచుట న్యాయము కాదని మే మనుటకు కారణ మిదియే.

పై తరగతుల విద్యార్థు లొక లెక్క చేసి చూడవలెనని మా కోరిక. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనునకు 11 మీటర్లు పోవును. ఎదుట నొక పిల్లవాడు కనబడినపుడు, కన్ను చూచి, మనసు గ్రహించి, కాలు బ్రేకును చేరుటకు సుమారొక సెకను పట్టును. అనగా బ్రేకు పడకమునుపే 11 మీటర్లు గడచిపోయినవి. పొడిరోడ్డుమీద, మంచి బ్రేకులతో, ఆగుటకు మఱి 9 మీటర్లు కావలెను. మొత్తము 20. అదే బండి 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో ఆలోచించునంతలో 17 మీటర్లు, బ్రేకు పడిన పిమ్మట 20 మీటర్లు, మొత్తము 37. వేగము ఒకటిన్నర రెట్లైనది. ఆగుదూరము దాదాపు రెండు రెట్లైనది. బ్రేకు పడిన తరువాతి దూరము వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగుననుట మీరు చదివిన భౌతికశాస్త్రమే. తడిసిన రోడ్డుపై అరిగిన టైర్లతో ఎంత యగునో మీరే యూహింపుడు. బండ్లును నడచువారును కలసి తిరుగు వీథులలో వేగము 30 కిలోమీటర్లకు మించరాదని 2020లో స్టాక్‌హోమున కూడిన నానాదేశ ప్రతినిధుల సభ ప్రకటించినది. దాని వెనుకనున్నది ఈ లెక్కయే. సెల్‌ఫోను చూచుచు నడుపువానికి ఆ మొదటి సెకను రెండు సెకన్లగును, మూడగును. అప్పుడు బ్రేకులెంత మంచివైనను ప్రయోజనము లేదు.

ఇక మన గుంటూరు సంగతి. అరండల్‌పేట, బ్రాడీపేటల అమరిక మన పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. వరుసగా లైనులు, వానిని ఖండించుచు అడ్డరోడ్లు. లైను సంఖ్యయు అడ్డరోడ్డు సంఖ్యయు చెప్పినచో పొరుగూరివాడైనను ఇల్లు వెదకుకొని రాగలడు. చదరంగపు పలకవంటి యీ యమరిక ముచ్చటయైనదే గాని, కొన్ని గజములకొక కూడలి వచ్చును. అన్నిచోట్లను దీపములు పెట్టుట గాని పోలీసును నిలుపుట గాని సాధ్యము కాదు. అట్టి కూడలిలో ఇద్దఱు రెండు దిక్కులనుండి ఒకేసారి వచ్చినపుడు ఎవ్వరు ముందు పోవలెను? ఈ ప్రశ్నను మేము పదవతరగతివారిని అడిగితిమి. "ముందు హారను కొట్టినవాడు" అని యొకడు చెప్పినాడు. "పెద్దబండివాడు" అని మఱియొకడు. వెనుకబల్లమీది బాలిక "భయపడనివాడు" అన్నది. మూడును మన వీథులలో జరుగుచున్న సత్యములే. చట్టము చెప్పునది మాత్రము వేఱు. పోలీసుగాని దీపముగాని లేని కూడలిలో, తాను ప్రవేశించు రోడ్డు ప్రధానమార్గమైనచో ఆ మార్గమున పోవువారికి దారి యీయవలెను. అట్లు కానిచో తన కుడిచేతివైపునుండి వచ్చువారికి దారి యీయవలెను. ఇంతే.

ఈ చిన్ననియమమును మేము మిక్కిలి గొప్పదిగా భావించుచున్నాము. మనము ఎడమప్రక్కన పోవు దేశమువారము గావున, కుడినుండి వచ్చు బండి కూడలిలో మనకు దగ్గఱి సగమున నుండును, ఎడమనుండి వచ్చునది ఆవలి సగమున నుండును. ముందుగా మన దారికి తగులునది కుడిదే. కాగా నియమము ఊరక పుట్టినది కాదు. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఇందు బండి పెద్దదా, దాని వెల యెంత, నడుపువాడెవ్వరి కుమారుడు అను ప్రశ్నలకు చోటు లేదు. అధికారిగారి కారైనను, కూరగాయల ఆటో యైనను, కుడిప్రక్కనుండి వచ్చినవారిదే ముందు. ఇంత సమత్వము మన సమాజమున మఱి యెన్నిచోట్ల కలదో మేము చెప్పజాలము. చేత లైసెన్సు పెట్టుకొని పది యేండ్లుగా బండి నడుపుచు ఈ నియమమును ఎన్నడును విననివారు మా పరిచితులలోనే పలువురున్నారు. మన బడిలో ఆఱవతరగతినుండి దీనిని నేర్పవలెనని మా సూచన. ఆవరణలో సున్నముతో రెండు వీథులు గీచి, సైకిళ్లతో నభ్యాసము చేయించిన ఒక్క పూటలో వచ్చును.

హారనునుగూర్చి యొక మాట. సైకిలుగంట "నే నిక్కడ నున్నాను" అని చెప్పును. మన మోటారు హారను "నే నాగను" అని చెప్పును. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానములు వీని చుట్టును 100 మీటర్ల మేరను నిశ్శబ్దమండలముగా ప్రకటించుటకు 2000 సంవత్సరపు ధ్వని నిబంధనలలో వీలున్నది. మా తొమ్మిదవతరగతి గది వీథివైపునకు తెఱచియున్నది. అచ్చట పద్యము చెప్పు పండితుడు యతిస్థానమున నొక్క క్షణము ఆగినచో ఆ ఖాళీని హారను పూరించుచున్నది. యతిభంగము మాత్రము కాలేదని ఆయన సంతోషించుచున్నారు!

సైకిలుమీద వచ్చు విద్యార్థుల సంఖ్య ఏటేట తగ్గుట మాకు విచారకరముగా నున్నది. మన తాతల కాలమున సైకిలునకును పురపాలకసంఘపు లైసెన్సుబిళ్ల యుండెడిది. రాత్రివేళ దీపము లేకున్నను, ఒక సైకిలుపై ఇద్దఱెక్కినను పోలీసులు నిలిపెడివారు. టైరులో గాలి తీసి నడిపించి పంపిన కథలు ఆ పెద్దలు నేటికిని చెప్పుదురు. నేడు సైకిలు చట్టప్రకారము మోటారుబండి కాదు గావున దానికి లైసెన్సు లేదు, పరీక్షయు లేదు. యంత్రము లేని బండ్లకును పాదచారులకును నిబంధనలు చేయు అధికారమును 2019 నాటి చట్టసవరణ రాష్ట్రప్రభుత్వముల కిచ్చినది. ఐనను లైసెన్సు లేదన్నంతమాత్రమున నియమము లేదని యనుకొనరాదు. ఎఱ్ఱదీపము సైకిలునకును ఎఱ్ఱదీపమే. కుడివైపు తిరుగదలచినవాడు ముందు వెనుదిరిగి చూచి, కుడిచేతిని పూర్తిగా చాచి, పిమ్మట తిరుగవలెను. తిరిగిన తరువాత చేయి చాచువారు మనలో కొందఱున్నారు, దాని ప్రయోజన మేమో తెలియదు. పుస్తకాల సంచిని హాండిలునకు వ్రేలాడగట్టరాదు. రెండు బ్రేకులును పట్టవలెను. సాయంకాలపు ట్యూషనులనుండి చీకటిలో ఇంటికి పోవువారికి ముందు తెల్లదీపమును వెనుక ఎఱ్ఱదీపమును లేకున్న, వారు రోడ్డుమీద నున్నట్లు వారికి మాత్రమే తెలియును.

ఒక విషయమున చాలమందికి భ్రమ కలదు. కాలిబాట లేనిచోట నడచువారు కుడియంచున, ఎదుటివచ్చు బండ్లను చూచుచు నడచుట మేలని చెప్పుదురు. అది నిజమే. ఈ మాటను పట్టుకొని సైకిలువారును కుడియంచున ఎదురు వచ్చుచున్నారు. దీనినే మనవారు రాంగురూటు అందురు. నడచువాడు ఒక్క అడుగులో ప్రక్కకు తొలగగలడు, సైకిలువాడు తొలగలేడు. పైగా ఎదురెదురుగా వచ్చునపుడు రెండు వేగములును కూడుకొనును. అందుచేత సైకిలు ఎల్లప్పుడు ఎడమప్రక్కనే పోవలెను. నడుమగోడకు గండి దూరముగా నున్నదని, నాలుగు తొక్కులు కలసివచ్చునని, ఎదురు పోవుట తగదు.

ఇప్పుడు మా గేటు సంగతికి వచ్చితిమి. సాయంకాలము గంట కొట్టుటకు పదినిముషములు ముందునుండి గేటు నెదుట కార్లు, స్కూటర్లు, ఆటోలు మూడు వరుసలుగా నిలుచును. నడచిపోవు పిల్లలకు మిగులునది మురుగుకాలువ యంచు మాత్రమే. తమ బిడ్డ రోడ్డుమీద ఒక్క అడుగు కూడ వేయకుండ ఎక్కించుకొనిపోవలెనని ప్రతి తండ్రియు తలంచుటచేత తక్కిన బిడ్డలందఱికి అపాయము కలుగుచున్నది. ప్రేమచేతనే యిట్లు జరుగుచున్నదని మాకు తెలియును. కాని ఆ గుంపులో వెనుకకు మళ్లింపబడు కారునకు తన వెనుక నిలిచిన మూడవతరగతి పిల్లవాడు కనబడడు.

అంతకంటె బరువైన మాట యొకటి చెప్పవలసి యున్నది. ఉన్నతతరగతుల బాలురు కొందఱు మోటారుసైకిళ్లపై వచ్చి, బడిలోనికి తెచ్చిన ఆపుదురని, ప్రక్కవీథిలో పెట్టి నడచివచ్చుచున్నారు. ఆ వీథి యెదో వారికిని మాకును తెలియును. పదునెనిమిదేండ్లు నిండనివారికి మోటారుబండి నడుపు హక్కు లేదు. 50 సీసీలకు మించని గేరులేని బండికి మాత్రము పదునాఱేండ్లకు లైసెన్సు దొరకును. మన యిండ్లలో నున్న స్కూటర్లు సాధారణముగా దానికి రెండింతలు. 2019 సెప్టెంబరునుండి అమలులోనికి వచ్చిన సవరణప్రకారము మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో ఆ నేరము సంరక్షకునిది, బండి యజమానిది. మూడేండ్లవఱకు జైలు, 25,000 రూపాయల జుల్మానా, పండ్రెండు నెలలు బండి రిజిస్ట్రేషను రద్దు. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు రాదు. "మావాడు చక్కగా నడుపును, మీరు దిగులుపడకుడు" అని యొక తల్లి మాతో చెప్పినది. చక్కగా నడుపుటలో మాకు సందేహము లేదు. పదునైదేండ్లవాని చేతులు మన చేతులకంటె చుఱుకైనవి. కొఱతపడునది చేతులయందు కాదు, ఎప్పుడు నడుపకూడదో తెలియుటయందు. వెనుక స్నేహితుడు కూర్చుండి "ఇంకను వేగముగా పోనీ" అన్నపుడు కాదనగల శక్తి ఆ వయసున కొద్దిమందికే యుండును. తాళపుచెవి యిచ్చునది తండ్రి. ఇచ్చిన పిమ్మట బాలుని మందలించుట న్యాయము కాదు.

హెల్మెట్టు విషయమున చట్టము నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని, ముందు కూర్చున్నను వెనుక కూర్చున్నను, వర్తించును. అంతకంటె చిన్నబిడ్డలకు పట్టీతో కట్టుటయు, తలకు తగిన టోపీయు, 40 కిలోమీటర్లు మించని వేగమును 2022లో విధించి మఱుసటి యేటినుండి అమలు చేసిరి. మన గేటుకడ తండ్రి తలపై హెల్మెట్టుండును, వెనుకనున్న కుమార్తె తల వట్టిది. కొందఱు హెల్మెట్టును మోచేతికి తగిలించుకొని వత్తురు. మోచేతిని ఇంత భద్రముగా కాపాడుకొనువారు లోకమున మఱెచ్చటను లేరేమో!

ఒక్క విషయమున మేము కఠినముగా మాటాడజాలము. ద్విచక్రవాహనముపై నడుపువాడు గాక ఒక్కరే కూర్చుండవలెనని చట్టము. ఇద్దఱు బిడ్డలున్న కూలివాడో, చిన్నగుమాస్తాయో, ఒక్క పాతస్కూటరుపై ఇద్దఱిని దింపి పనికి పోవలసియున్నచో ఏమి చేయగలడు? రెండుమారులు తిరుగుటకు వేళ చాలదు, ఆటోకు డబ్బు చాలదు. అతనికి నీతులు చెప్పుట సులభము. దగ్గఱ నివసించువారి పిల్లలను జట్టులుగా చేర్చి పెద్దతరగతివారు నడిపించుకొని వచ్చు నేర్పాటు చేసినచో అట్టివారికి నిజముగా సాయమగును. ఒక్కొక్క పేటకు ఇద్దఱు పెద్దవిద్యార్థులు చాలుదురు.

ప్రమాదము జరిగిన చోట ఏమి చేయవలెనో కూడ విద్యార్థులకు తెలియవలెను. "మన కేల, పోలీసు కేసగును" అని ప్రక్కనుండి తొలగిపోవు వాడుక మన యూళ్లలో పాతది. ఆ భయమునకు ఇప్పుడు హేతువు లేదు. గాయపడినవానికి సద్భావముతో సాయపడినవానిపై సివిలు గాని క్రిమినలు గాని వ్యవహారము ఉండరాదని 2019 సవరణలో 134ఏ అను నిబంధన చేర్చిరి. అట్టివానికి ఆ చట్టము పెట్టిన పేరు "మంచి సమరయుడు". యెరూషలేమునుండి యెరికోకు దిగిపోవు త్రోవలో పడియున్నవాని కథ మన విద్యార్థులకు రెండవతరగతినుండి తెలిసినదే. పార్లమెంటువారు ఆ పేరు నెత్తుకొనుట మాత్రము పెక్కుమందికి తెలియదు. 108కి ఫోను చేయుట, గుంపును దూరముగా నుంచుట, మెడ కదలకుండ చూచుట, ఈ మూడైనను పదమూడేండ్ల బాలునికి సాధ్యములే.

వేసవి సెలవుల పిమ్మట బడి తెఱచునాటికి మా కోరిక లివి. గేటునకు ఇరుప్రక్కల నూఱేసి మీటర్ల వఱకు ఉదయము అరగంట, సాయంకాలము అరగంట, ఏ మోటారుబండియు నిలువరాదు. తలిదండ్రులు ఆవలనే ఆపి, బిడ్డను నడిపించి గేటువఱకు తేవలెను. నడువలేని బిడ్డల విషయమున మాత్రము మినహాయింపు. గంట కొట్టినపుడు నడచివెళ్లువారిని ముందు, సైకిళ్లవారిని పిమ్మట, బండ్లవారిని కడపట విడువవలెను. ప్రక్కవీథిలో నిలుపు మోటారుసైకిళ్ల సంఖ్యలు వ్రాసి ఇండ్లకు పంపవలెను. బాలుని పేర కాదు, తండ్రి పేర. ఉపాధ్యాయుల వాహనములకును ఇదే నియమము వర్తింపవలెను, లేనిచో పిల్లలు మొదటిదినముననే కనిపెట్టుదురు. ప్రధానోపాధ్యాయులకు ఈ సంగతి విన్నవించితిమి. తలిదండ్రులు సమ్మతించినచో అమలు జరుపుటకు వారు సిద్ధముగా నున్నారు.

వర్షాకాలమున నూఱు మీటర్లు నడచుట యెట్లని ఒక తండ్రి యప్పుడే అడిగినారు. గొడుగు తెచ్చుకొనవచ్చును.